కింది వాటాకు క్యారేజీ

ఫిబ్రవరి 3

మళ్ళీ మొదలైంది. పొద్దుటి నుంచి మా ఆయన మంచానికీ బాత్రూమ్‌కీ మధ్యే తిరుగుతున్నారు. ఇది మూడోసారి. ఊపిరితిత్తుల జ్వరానికి వాడిన మందులు జ్వరాన్ని తగ్గించి కడుపును పాడు చేశాయి. కడుపుకు మందు వాడితే తగ్గుతుంది. ఆపగానే తిరగబెడుతుంది.

"ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు, అందరూ దిగేవాళ్ళే," అన్నారు పడుకుంటూ. బస్సు కండక్టరు కదా, ఆయనకు జబ్బు కూడా బస్సే.

నవ్వాను. బాత్రూమ్ బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, మురుగు శుద్ధి కేంద్రంలో డ్యూటీకి వెళ్ళాను. ఆయన కడుపులో చేరిన క్రిమి మామూలు సబ్బుకు చావదట. అలసట ఏమీ లేదు.

ఫిబ్రవరి 4

"తమ్ముడూ, మోటారు ఆపమని చెప్పు. ట్యాంకు పొర్లుతోంది."

కింది వాటాలో ఉండే మా వదిన, అంటే ఆయన అక్క, మెట్ల దగ్గర నిలబడి అరిచింది. స్విచ్చు పక్కన ఉన్నది నేను. ఆమెకు నేను కనిపిస్తూనే ఉన్నాను. ఆయన మంచం మీద నుంచి నీరసంగా, "మోటారు ఆపమంటోందోయ్," అన్నారు. ఆపాను.

"ఇద్దరికీ నేనే టికెట్ కొట్టాలి," అన్నారు తర్వాత.

అత్తగారు పోయిన రోజు నుంచి ఇంతే. ఆ రోజు వదిన అందరి ముందూ అంది: "రోజూ మురుగు మోసుకొచ్చి ఇంట్లో పోసింది. ఆ వాసనకే మా అమ్మ పోయింది." అప్పటి నుంచి నా చేతి మంచినీళ్ళు కూడా ముట్టదు. నేను దాని గురించి ఆలోచించడం ఎప్పుడో మానేశాను.

ఫిబ్రవరి 6

గాలి తొట్టి చచ్చిపోయింది.

ఊరి మురుగంతా మా కేంద్రానికి వస్తుంది. దాన్ని శుభ్రం చేసేది మేమేనని జనం అనుకుంటారు. చేసేది తొట్టిలోని జీవాలు. బాక్టీరియా మురుగును తింటుంది. బాక్టీరియాను తినే ఇంకాస్త పెద్దవి ఉంటాయి. మేం గాలి ఊదుతాం, అంతే. ల్యాబులో నా పని రోజూ ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూడటం. సన్నని కాడ మీద గంట ఆకారంలో ఊగేవి కనిపిస్తే తొట్టి బాగున్నట్టు. ఇవాళ గంటలు ఉన్నాయి, ఊగడం లేదు. రెండో చుక్క చూశాను. మూడోది కూడా.

పంపుల దగ్గర పనిచేసే అన్నయ్యను అడిగాను.

"నిన్న నువ్వేమైనా కలిపావా అన్నయ్యా?"

"నురగ బాగా లేచిందమ్మా. పైవాళ్ళు చూడ్డానికొస్తున్నారు కదా, కంపు కొట్టకూడదన్నారు. బ్లీచింగ్ పోశాను."

"ఎంత?"

"గోదాంలో ఉన్నదంతా."

"అవన్నీ చచ్చిపోయాయి అన్నయ్యా."

"ఏవి?"

"మనకు జీతం తెచ్చిపెట్టేవి."

అన్నయ్య తొట్టి వైపు చూశాడు. నురగ లేదు. కంపు లేదు. నీళ్ళు తేటగా, అద్దంలా ఉన్నాయి. మధ్యాహ్నం పైవాళ్ళు వచ్చి, ఇంత శుభ్రంగా ఉంటుందనుకోలేదని మెచ్చుకుని వెళ్ళారు. ఆ చుక్క తీసిన సీసా పారెయ్యకుండా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. ఎందుకో తెలీదు.

పక్క ఊరి కేంద్రానికి ఫోన్ చేశాను. వాళ్ళ తొట్టిలోని బురద ఒక ట్యాంకరు పంపుతామన్నారు. పాలకు తోడు వేసినట్టు మా తొట్టిలో అది వేసి, కొద్ది కొద్దిగా మురుగు పెట్టి పెంచాలి. అప్పటిదాకా మురుగు సగం శుద్ధితో ఏట్లోకి పోతుంది.

ఇంటికొస్తుంటే బస్సులో నిద్రపోయి, దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఆ బస్సు కండక్టరుకు ఆయన తెలుసు. తిరుగు బస్సు ఎక్కించాడు.

ఫిబ్రవరి 9

ఆయన్ను ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరమ్మ కాగితం మీద పేగు బొమ్మ గీసింది.

"మన కడుపులో కోట్లాది జీవాలుంటాయి. మనం తిన్నదాంట్లో వాటికి వాటా. బదులుగా చెడ్డవాటికి చోటు దొరక్కుండా అవి అడ్డుకుంటాయి. మీ ఆయనకు వాడిన మందులు వాటిని తుడిచిపెట్టేశాయి. ఇల్లు ఖాళీ అయింది, దొంగ వచ్చి కూర్చున్నాడు. దొంగను కొట్టే కొద్దీ ఇల్లు ఇంకా ఖాళీ అవుతోంది."

"మరి?"

"ఆరోగ్యంగా ఉన్న మనిషి కడుపులోంచి తెచ్చి ఈయన కడుపులో నింపాలి."

"ఎలా తెస్తారు?"

"మలంలోంచి."

ఆయన దిండు మీద నుంచి తల ఎత్తారు. "చిల్లర ఇవ్వలేదని జనం ఇన్నాళ్ళూ నన్ను తినమన్నది ఇదేగా డాక్టరమ్మా. వైద్యమని తెలీక కోపం తెచ్చుకున్నాను."

ఆమె పెన్ను కింద పెట్టి నవ్వింది. తినక్కర్లేదు, గొట్టంతో పేగులోకే పంపుతామంది.

నాది తీసుకోమన్నాను. ఎక్కడ పని చేస్తారంది. చెప్పాను. రాయబోతున్న పెన్ను ఆగింది.

"మీది వద్దమ్మా. రోజూ మురుగు మధ్య ఉండేవాళ్ళ దగ్గర తీసుకోకూడదని మా రూలు. మీలో ఏదో ఉందని కాదు."

ఉందని కాదు. సరే.

"మా అక్క ఉంది," అన్నారు ఆయన. "జన్మలో మాత్ర మింగలేదు. మాత్రలే ఆమెను చూసి భయపడతాయి."

మాకు పిల్లలు లేరు, ఆయనకు వేరే తోబుట్టువులు లేరు. మూడు నెలలుగా యాంటీబయాటిక్ ముట్టని మనిషి కావాలట. మా బంధువుల్లో అలాంటివాళ్ళు ఎవరున్నారని వేళ్ళ మీద లెక్కపెడితే ఒక వేలు దగ్గరే ఆగింది.

బయటికి వచ్చాక డాక్టరమ్మ నన్ను వెనక్కి పిలిచింది. ఇంకోసారి తిరగబెడితే పేగు తట్టుకోదంది. తట్టుకోదంటే అని అడిగాను. నా చేయి పట్టుకుంది.

ఫిబ్రవరి 10

అడగలేదు.

ఫిబ్రవరి 11

అడగలేదు. డ్యూటీ ఎక్కువైంది. ట్యాంకరు వచ్చింది.

ఫిబ్రవరి 12

అడిగాను.

తలుపు తీసి వదిన నా భుజం మీదుగా వెనక్కి చూసింది, తమ్ముడు ఉన్నాడేమోనని.

"ఆయన రాలేదు వదినా. నేనే వచ్చాను."

"ఏంటట?" అంది, పక్కనున్న తలుపుతో.

డాక్టరమ్మ చెప్పిన వరుసలోనే చెప్పాను. ఇల్లు, దొంగ, అన్నీ. చివరికి అసలు మాట కూడా చెప్పాను. వదిన ముఖంలో ఏ మార్పూ లేదు.

"కిడ్నీ అడిగినా ఇచ్చేదాన్ని. ఇదేం అడగడం?"

"ఇదే కావాలట వదినా."

"ఇన్నేళ్ళకు నా గడప తొక్కి అడిగేది ఇదా?"

"అవును."

"నీది ఇవ్వరాదూ? రోజూ అందులోనే ఉంటావుగా."

"అందుకే వద్దన్నారు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా కడుపులో ఏం చెత్త ఉందో ఏమో," అంది. "అది వాడికి పనికొస్తుందా?"

ఈ మాట తలుపుతో కాదు, నాతోనే అంది. నేను ఆ తేడా గమనించానని కూడా ఆమెకు తెలుసు. వెంటనే లేచి, "వెళ్ళు, వస్తానని చెప్పు వాడికి," అంది.

ఫిబ్రవరి 16

వదిన పరీక్షలన్నీ బాగున్నాయి. 24న పెట్టుకున్నారు.

డాక్టరమ్మ వదినను రోజూ ఏం తింటారని అడిగింది. టీ, బ్రెడ్డు, బేకరీలో ఏది ఉంటే అది అంది. "ఒక్క ప్రాణానికి పొయ్యి ఏం వెలిగిస్తాం?" ఆ రోజు వరకూ బయటి తిండి వద్దని, ఏ చిన్న తేడా చేసినా అంతా వాయిదా పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో వండింది, వేడిగా తినాలి.

"ఎవరు వండుతారు?" అంది వదిన.

ఆయన చక్రాల కుర్చీలోంచి నా వైపు చూశారు. తర్వాత వదిన వైపు చూశారు. కళ్ళు మూసుకున్నారు. ఈసారి టికెట్ కొట్టలేదు.

ఫిబ్రవరి 17

మూడు గిన్నెల క్యారేజీ. పొద్దున్న డ్యూటీకి వెళ్ళే ముందు ఒకటి, వచ్చాక ఒకటి. ఆసుపత్రిలో ఆయనకు గంజి. నేను నిలబడి తింటున్నాను, టైమ్ కలిసొస్తుంది.

వదిన క్యారేజీ అందుకుని నా ముందే ఒక్కో మూతా తీసి, ఒక్కో గిన్నెనూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మూడూ చూసింది. తర్వాత తలుపు వేసుకుంది.

పట్టించుకోలేదు.

ఫిబ్రవరి 18

వాసన చూసింది.

ఫిబ్రవరి 19

చూసింది. నేను స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, అప్పుడే వంట మొదలుపెడతాను. ఇది ఆమెకు తెలియాల్సిన అవసరం లేదు. చేతులు రెండుసార్లు కడుగుతున్నాను. ఇవాళ మూడుసార్లు.

ఫిబ్రవరి 21

మా తొట్టిలో ఒక గంట ఊగింది. ఒక్కటే. పంపుల అన్నయ్యను పిలిచి చూపించాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన మైక్రోస్కోపులోకి చూడటం ఇదే మొదలట.

"ఇంత చిన్నదాని కోసమా నువ్వు నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు?" అన్నాడు.

మాట్లాడలేదా? నేను మాట్లాడాననే అనుకున్నాను.

ఆసుపత్రిలో ఆయన బరువు ఇంకా తగ్గింది. చేతికి వాచీ నిలవడం లేదు. తీసి నా బ్యాగులో వేశాను. నడుస్తూనే ఉంది.

ఫిబ్రవరి 23

ఇది వివరంగా రాసుకోవాలి.

పొద్దున్న క్యారేజీ తీసుకెళ్తే వదిన తలుపు తీసే ఉంది. మనిషి బాత్రూమ్‌లో. టేబుల్ మీద నీళ్ళ గ్లాసు, పక్కన మందుల షాపు కవరు. కవరులో రెండు రకాలు. ఒకటి విరేచనాలు కావడానికి వేసుకునే మాత్ర, అట్ట ఖాళీ. రెండోది యాంటీబయాటిక్. అట్ట నిండుగా ఉంది, ఒక్కటీ తియ్యలేదు.

వదిన బయటికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఇవేంటి వదినా?"

"రేపు కదా. కడుపు శుభ్రం చేసుకుంటున్నాను."

"ఎవరు చెప్పారు?"

"ఎవరైనా చెప్పాలా? ఇంటికి చుట్టాలొస్తే ఇల్లు కడగమా? వాడి లోపలికి వెళ్ళేది. రాత్రే ఆ మొదటివి వేసుకున్నాను. ఈ రెండోది క్రిములన్నిటినీ చంపుతుందట, షాపతను చెప్పాడు. తిన్నాక వేసుకోవాలి. ఆ క్యారేజీ ఇలా ఇవ్వు."

క్యారేజీ ఇవ్వలేదు. అట్ట తీసుకుని పిడికిట్లో పట్టుకున్నాను.

"అవి చస్తే ఇక ఇచ్చేదేముంది? ఆ క్రిములే కావాలి వదినా."

"నీ చదువు నీ దగ్గర పెట్టుకో. మురుగులో ఉండీ ఉండీ నీకు మురికంటే లెక్కలేదు. నా కంపు నా తమ్ముడికి పొయ్యమంటావా?"

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి. ఆమె గోడ ఆనుకుని నిలబడింది. రాత్రంతా బాత్రూమ్‌లోనే గడిపి ఉంటుంది, తమ్ముడికి మంచిది ఇవ్వాలని.

"ఒక్కసారి నాతో రండి," అన్నాను. "వచ్చి చూశాక కూడా వేసుకుంటానంటే వేసుకోండి. అడ్డురాను."

అబద్ధం. అడ్డొచ్చేదాన్ని.

ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చింది. గేటు దగ్గర ఆగింది, తొట్టి దగ్గర ఆగింది. ల్యాబులో కుర్చీ చూపిస్తే ముందు దాన్ని తుడిచి కూర్చుంది. ఇవాళ్టి చుక్క పెట్టి చూడమన్నాను. రుమాలు అడ్డొస్తే పైకి లాక్కుంది, మళ్ళీ అడ్డొచ్చింది. చివరికి తీసేసింది.

"ఇవేంటి, గంటల్లా ఊగుతున్నాయి?"

"మేమూ గంటలనే అంటాం."

"ఏం తింటాయి?"

"బాక్టీరియాను. బాక్టీరియా మురుగును తింటుంది. మురుగు మనది."

"మనం పెట్టకపోతే?"

"ఆకలితో చస్తాయి."

"అవి లేకపోతే?"

"మన మురుగు మన నీళ్ళలోకే తిరిగొస్తుంది. ఆ తర్వాత మన వంతు."

చాలాసేపు కన్ను తియ్యలేదు. వాడి కడుపులోనూ ఇవేనా అని అడిగింది. ఇవే కావు, వేరే రకాలు, పని మాత్రం ఇలాంటిదే అన్నాను. అప్పుడు ఫ్రిజ్‌లోని సీసా తీసి, అందులోంచి ఒక చుక్క పెట్టాను.

"ఇదేంటి, ఏదీ కదలదేం?"

పంపుల అన్నయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అది నేను చేసిందేనమ్మా," అన్నాడు. "చుట్టాలొస్తున్నారని శుభ్రం చేశాను."

వదిన ఆయన వైపు చూసింది. నా వైపు చూసింది. చెయ్యి చాచింది. అట్ట ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం అనుకుని, ఇచ్చాను. ఆమె దాన్ని అన్నయ్య చేతిలో పెట్టింది.

"ఇది పారెయ్యి బాబూ. ఆ తొట్టిలో మాత్రం వెయ్యకు."

విరేచనాల మాత్ర సంగతి దాచకుండా డాక్టరమ్మకు ఫోన్‌లో చెప్పాం. వదినే చెప్పింది, ఫోన్ నా చేతిలోంచి లాక్కుని. వారం ఆగాలంది. ఆయనకు పాత మందు మళ్ళీ మొదలుపెట్టారు, అప్పటిదాకా ఆ క్రిమిని తొక్కి పట్టి ఉంచడానికి.

వారం ఆయన ఆగగలరా అని డాక్టరమ్మను నేను అడగలేదు. వదినా అడగలేదు. బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం, వేరే సీటు ఖాళీ లేదు.

ఫిబ్రవరి 24

ఇవాళ జరగాల్సింది.

క్యారేజీ ఇచ్చాను. వాసన చూసింది.

ఫిబ్రవరి 26

జ్వరం. డ్రిప్పు పెట్టారు. ఆయన జోకు వెయ్యలేదు.

ఫిబ్రవరి 27

జోకు వెయ్యలేదు.

నేను ఆసుపత్రి నుంచి రాలేకపోయాను, క్యారేజీ లేదు. వదిన బ్రెడ్డు తినేసి ఉంటుందనుకున్నాను. సాయంత్రం వెళ్తే ఏమీ తినకుండా కూర్చుని ఉంది.

"బయటిది వద్దన్నారుగా," అంది.

ఇద్దరికీ కలిపి ఆమె వంటింట్లోనే వండాను. చాలా రోజులుగా వెలిగించని పొయ్యి, అంటుకోవడానికి టైమ్ పట్టింది. వండేటప్పుడు వెనక నిలబడి చూసింది. గిన్నెలో పెట్టాక వాసన మాత్రం చూసింది.

మార్చి 1

జ్వరం తగ్గింది. "ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నానోయ్," అన్నారు. "లోపలికి జరగమని చెప్పు."

ఎవరికి చెప్పాలో అడగలేదు.

మార్చి 3

అయింది.

వదిన డబ్బాను మూడు పేపర్లలో చుట్టి, పైన గుడ్డ సంచిలో పెట్టి, నగలు తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నర్సు వచ్చి అందరికీ వినపడేలా "శాంపిల్ ఎవరిది?" అని అడిగితే తల దించుకుంది. సంచి నేను తీసుకుని వెళ్ళి ఇచ్చాను.

లోపలికి తీసుకెళ్ళే ముందు ఆయన అక్క చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ బయట నుంచే అరిచేదానివి. ఇక నా కడుపులోంచి కూడా నువ్వే అరుస్తావన్నమాట."

"నోర్ముయ్," అంది వదిన. రుమాలుతో ముఖం తుడుచుకుంది.

మార్చి 4

ఏమీ తెలీదు.

మార్చి 5

ఒకసారి వెళ్ళారు. ఒక్కసారే.

మార్చి 6

ఇంట్లో బాత్రూమ్ కడిగాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నారు, దాన్ని ఎవరూ వాడలేదు. అయినా కడిగాను.

మార్చి 9

నాలుగుసార్లు వెళ్ళారు. ఏమీ రాయలేను.

మార్చి 10

అది కాదట. ఆకలేసిందని పక్క మంచం మనిషి భోజనంలో సగం తిన్నారట. డాక్టరమ్మ తిట్టింది. నేనూ తిట్టాను. వదిన కారిడార్ చివర నుంచే మొదలుపెట్టి మంచం దాకా తిడుతూ వచ్చింది. ముగ్గురం తిట్టేసరికి ఆయన ముఖం కాస్త తెరిపినపడింది. ఆకలేసిందన్న మాట విని ఎన్నాళ్ళయిందో.

మార్చి 17

ఇంటికి తీసుకొచ్చాం. పరీక్షలో ఆ క్రిమి లేదు. తిరగబెట్టదని రాసి ఇవ్వలేనంది డాక్టరమ్మ, కానీ నవ్వుతూ అంది.

మా తొట్టి కూడా నిలబడింది. నురగ ఉంది, కంపు ఉంది. పంపుల అన్నయ్య నురగ కనిపించినప్పుడల్లా నా దగ్గరికి వచ్చి, "పర్లేదు కదమ్మా?" అని అడుగుతున్నాడు.

వదినకు ఇక ఏ పథ్యమూ లేదు. క్యారేజీ కడిగి, పైన అరలో పెట్టాను.

"ఇక మీరిద్దరూ డైరెక్టుగా పోట్లాడుకోండి," అన్నారు ఆయన. "నాకు రిటైర్‌మెంటు."

అలసిపోయాను. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించలేదు. లేవలేదు కూడా.

మార్చి 18

కింది వాటా నుంచి, "మోటారు ఆపు!" అని వినపడింది. తమ్ముడూ అని లేదు. నా పేరూ లేదు. ఆపాను.

మార్చి 19

ఇవాళ కొలత తప్పి ఎక్కువ వండాను. పారెయ్యడం ఎందుకని క్యారేజీ దించి కిందికి తీసుకెళ్ళాను. డ్యూటీ నుంచి నేరుగా వచ్చి వండాను, బట్టలు మార్చుకునే ఓపిక లేకపోయింది. ఆ సంగతి మెట్ల మీద గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళాలనుకున్నాను. అప్పటికే తలుపు తెరుచుకుంది.

"ఇక అక్కర్లేదుగా?" అంది వదిన.

"మిగిలింది."

"మిగిలిందా?"

"ఆ."

క్యారేజీ అందుకుంది. నా చొక్కా మీది కేంద్రం ముద్ర చూసింది. మూత తీసి, అక్కడే గుమ్మంలో నిలబడి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మూత తీయడానికీ ముద్దకూ మధ్య ఏమీ లేదు.

"ఉప్పు తగ్గింది," అంది నములుతూ.

తగ్గలేదు. నేనూ అదే తిన్నాను.

రేపు ఇంకాస్త వెయ్యాలి.